మేత మేస్తుంది... ఒంటబట్టదు!

దవడ కింద చిన్న తిత్తిలా వాపు. చెయ్యి పెడితే చల్లగా, మెత్తగా తగులుతుంది. వేలితో నొక్కి తీస్తే గుంట పడి, కాసేపటికి గానీ పూడదు. నొప్పి లేదు, జ్వరం లేదు. ఆవు మేత మానలేదు, నెమరు మానలేదు. అయినా నెలనెలా చిక్కిపోతోంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. పేడ నీళ్లలా జారుతుంది, నాలుగు రోజులకు దానంతటదే గట్టిపడుతుంది, మళ్లీ జారుతుంది. 'గొంతువాపేమో' అంటారు ఒకరు. 'దిష్టి తగిలింది' అంటారు ఇంకొకరు. 'నాలుగు డబ్బులు వచ్చేటప్పుడే సంతకు తోలెయ్' అంటారు మూడోవారు.

ఈ మూడు మాటల్లో ఎక్కువ నష్టం చేసేది మూడోదే. ఎందుకో తెలియాలంటే ముందు ఆ తిత్తిలో ఏముందో తెలుసుకోవాలి. అందులో చీము లేదు, నెత్తురు లేదు. ఉన్నది నీరు. రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు, పట్టి ఉంచే దిక్కులేక బయటకు వచ్చి అక్కడ నిలిచింది. ఆవు నెత్తురు పలచబడింది. ఆ పలచబడటానికి కారణం చాలాసార్లు గొంతులో ఉండదు, పేగుల్లో ఉంటుంది!

కట్టెను పాలు చేసే ఊళ్లలో...

కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం అమరాపురం. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. తెలుగూ కన్నడమూ రెండూ ఇక్కడ ఇంటి భాషలే. సంతలో బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగినా ఎవరూ వింతగా చూడరు. బోర్లో నీళ్లున్న చోట వక్క, కొబ్బరి. లేనిచోట చెనిక్కాయ, రాగి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు పడితే గొప్ప. కాయ ఊరని ఏడాది కూడా చెనిక్కాయ కట్టె ఎంతో కొంత మిగులుతుంది. ఆ కట్టెను, రాగి గడ్డిని పాలుగా మార్చి ఇంటిని నిలబెట్టేది కొట్టంలోని ఆవు. పిల్లల ఫీజు, అంగడి బాకీ, డ్వాక్రా కంతు... అన్నీ పాల డబ్బుల మీదే నడిచే ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. అలాంటి ఇంట్లో ఆవు మేత తిని పాలివ్వకపోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఈ మండలంలోనే ఉంది హేమావతి... ఒకప్పటి నొళంబుల రాజధాని. అక్కడి నల్లరాతి నందులను చూస్తే, ఆ శిల్పులు పశువు ఒంటిని ఎంత దగ్గరగా గమనించారో అర్థమవుతుంది. గంగడోలు మెడ కింద మడతలు మడతలుగా వేలాడటం పశువుకు అందం, ఆరోగ్యం కూడా. దానికి పైన, రెండు దవడ ఎముకల మధ్య మాత్రం ఆరోగ్యమైన పశువుకు లోతుగానే ఉంటుంది. ఆ లోతు పూడి ఉబ్బెత్తుగా కనిపించిందంటే ఆగి చూడాల్సిందే.

ఊరగాయ చెప్పే రహస్యం

ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లోంచి నీరు ఊరడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. ఉప్పు నీటిని తనవైపు లాక్కుంటుంది. రక్తనాళాల్లో ఇంచుమించు అలాంటి పని చేసేది ఆల్బుమిన్ అనే మాంసకృత్తి. నాళాల సన్నటి గోడల్లోంచి నీరు ఎప్పుడూ బయటకు పోవాలనే చూస్తుంది. ఆల్బుమిన్ దాన్ని లోపలికి లాగి పట్టి ఉంచుతుంది. అది తగ్గిందా... పట్టు సడలుతుంది, నీరు చర్మం కిందికి జారుతుంది. రోజంతా తల వంచి మేసే పశువుకు ఆ నీరు దవడ కిందికి దిగుతుంది. అందుకే కొన్ని పశువుల్లో వాపు తెల్లారి తక్కువగా, మేసి వచ్చాక సాయంత్రానికి ఎక్కువగా కనిపిస్తుంది.

లెక్క చూద్దాం. 350 కిలోల ఆవు ఒంట్లో సుమారు పాతిక లీటర్ల రక్తం ఉంటుంది. కణాలను తీసేస్తే మిగిలే ద్రవం 16, 17 లీటర్లు. ఆరోగ్యంగా ఉంటే ఆ ద్రవంలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్లు ఉంటాయి. అందులో మూడు, మూడున్నర గ్రాములు ఆల్బుమిన్. అంటే ఆవు నెత్తురు మొత్తంలో ఉండే ఆల్బుమిన్ అరకిలో కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు. కాలేయం దాన్ని రోజూ తయారు చేస్తూనే ఉంటుంది, మేతలోంచి వచ్చిన సరుకుతో. 100 మిల్లీలీటర్లకు రెండు గ్రాముల కిందికి పడిపోయిందంటే వాపు కనిపించే రోజు దగ్గరపడినట్టే.

మిగతా ప్రొటీన్లలో ఎక్కువ భాగం గ్లోబ్యులిన్లు. రోగంతో పోరాడే యాంటీబాడీలు ఈ జాతివే. కాబట్టి పేగులో సూక్ష్మజీవి చేరినప్పుడు మొదట్లో ఒక తమాషా జరగొచ్చు. పోరు కోసం గ్లోబ్యులిన్లు పెరుగుతాయి, ఆల్బుమిన్ తరుగుతుంది. రెండూ కలిపి చూస్తే మొత్తం అంకె మామూలుగానే కనిపిస్తుంది! ఇంట్లో ఒకరి సంపాదన పెరిగి ఇంకొకరి ఉద్యోగం పోతే మొత్తం రాబడి మారనట్టు. రోగం ముదిరాక రెండూ పేగులోంచి కారిపోతాయి, మొత్తం అంకె కూడా కూలుతుంది. అందుకే రక్తపరీక్ష చేయించేటప్పుడు 'మొత్తం ప్రొటీన్' ఒక్కటే కాకుండా ఆల్బుమిన్ విడిగా ఎంత, గ్లోబ్యులిన్‌తో పోలిస్తే ఎంత అని చూడాలి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఉన్నట్టుండి తీవ్రంగా పారిన పశువుకు ఒంట్లో నీరు పోయి రక్తం చిక్కబడుతుంది. అప్పుడు ప్రొటీన్ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చారు మరిగిపోతే ఉప్పు ఎక్కువైనట్టు! కాగితం మీద అంకె బాగుంది కదా అని ఊరుకుంటే, సెలైన్ ఎక్కించాక అసలు సంగతి బయటపడుతుంది. పశువును చూడకుండా కాగితాన్నే చూసి వైద్యం చేయకూడదని అనుభవం ఉన్న డాక్టర్లు చెప్పేది ఇందుకే.

కాల్షియం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం ప్రొటీన్లను, ముఖ్యంగా ఆల్బుమిన్‌ను పట్టుకునే తిరుగుతుంది. ఆల్బుమిన్ పడిపోతే పరీక్షలో కాల్షియం కూడా తక్కువగానే వస్తుంది. చిక్కిన ఆవుకు సీసా మీద సీసా కాల్షియం ఎక్కించడం మన దగ్గర మామూలు. నిజంగా కాల్షియం తగ్గిన ఆవుకు, ముఖ్యంగా ఈనగానే పడిపోయిన ఆవుకు అది ప్రాణం పోస్తుంది. పేగులోంచి ఆల్బుమిన్ కారిపోతున్న ఆవుకు మాత్రం సీసా ఖర్చు తప్ప మరేం మిగలదు.

కొన్న ఆవుతో బయటపడ్డ రోగం

అది 1894. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ ప్రాంతంలో ఒక రైతు ఆవును కొన్నాడు. కొన్నప్పుడు బాగానే ఉంది. ఇంటికొచ్చాక అనుకున్నట్టు పాలివ్వలేదు, ఒళ్లు చేయలేదు. పేగులకు క్షయ పట్టిందేమోనని స్థానిక పశువైద్యుడు అనుమానించి పరీక్ష చేస్తే క్షయ కాదని వచ్చింది. ఆవు చచ్చిపోయాక దాని పేగు ముక్కలను డ్రెస్డెన్‌కు పంపించాడు. అక్కడ హైన్రిచ్ ఆల్బర్ట్ యోనె, బోస్టన్ నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న ఫ్రాదింగ్‌హామ్ వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. పేగు గోడ మందంగా దళసరెక్కి ఉంది. దాని నిండా క్షయ క్రిముల్లాగే ఎర్ర రంగు పట్టే సన్నటి కడ్డీల్లాంటి క్రిములు! 1895లో ఆ సంగతి ప్రచురించారు. ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని 1906లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ తేల్చాడు. యోనె పేరు మీదే దానికి జోనీస్ వ్యాధి అని పేరు స్థిరపడింది. 

క్షయ క్రిమికి ఇది దాయాది. కుష్ఠు క్రిమికీ అంతే. ఆ వంశం లక్షణమే నిదానం. ప్రయోగశాలలో దీన్ని పెంచడానికి శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్నారు. ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్వార్ట్, దాని దాయాది క్రిముల సారాన్ని కలిపితే గానీ ఇది పెరగదని 1910 ప్రాంతంలో కనిపెట్టాడు. ఇనుమును అందుకునే ఒక పదార్థాన్ని ఇది సొంతంగా తయారు చేసుకోలేదని తర్వాత తెలిసింది. అంత సాయం చేసినా, పేడలోంచి ఈ క్రిమిని పెంచి చూపించడానికి ఇప్పటికీ రెండు మూడు నెలలు పడుతుంది.

ఆవు ఒంట్లోనూ ఇదే నిదానం. దూడగా ఉన్నప్పుడు, పాలతోనో తల్లి పొదుగుకు అంటిన పేడతోనో నోట్లోకి పోతుంది. చిన్నపేగు చివరి భాగంలో, శత్రువును పట్టి మింగాల్సిన రక్షణ కణాలుంటాయి. ఆ కణాల్లోకే దూరి, అక్కడే కాపురం పెడుతుంది. రెండేళ్లు, మూడేళ్లు, ఒక్కోసారి అయిదేళ్లు దాటినా పైకి ఏమీ కనిపించదు. పెయ్య ఎదుగుతుంది, చూలు కడుతుంది, ఈనుతుంది, పాలిస్తుంది. రెండో ఈతో మూడో ఈతో అయ్యాక, ఆ అలసటలో రోగం పైకి తేలుతుంది. అప్పటికి పేగు లోపలి గోడ దళసరెక్కి, ముడతలు పడి, మెదడు మీద గీతల్లా కనిపిస్తుంది. మేతలోని సారాన్ని పీల్చే సన్నటి నూగు లాంటి పొర పాడవుతుంది. సారం లోపలికి రాదు సరే... లోపలున్న ఆల్బుమిన్ కూడా వాచిన గోడలోంచి పేగులోకి కారి, పేడతో కలిసి దిబ్బకు చేరుతుంది. కాలేయం ఎంత తయారు చేసినా చిల్లికుండలో నీళ్లే. ఆవు తన ఒంటి కండనే కరిగించుకుంటుంది. మేత మేస్తున్నా చిక్కిపోవడంలోని రహస్యం ఇదే.

ఈ పారుడుకు కొన్ని గుర్తులున్నాయి. నెత్తురు పడదు, జిగట ఉండదు, ఆవు ముక్కదు. పలచటి పప్పుచారులా ఒకే తీరుగా జారుతుంది. జ్వరం ఉండదు. వాసనలో కూడా పెద్ద తేడా ఉండదు. గొర్రెలు, మేకల్లో అయితే ఈ పారుడు కూడా చాలాసార్లు కనిపించదు. ఊరికే ఎండిపోతాయి. అందుకే మందలో రోగం ఉన్న సంగతి కాపరికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎనుములకూ ఇది వస్తుంది.

వాపులన్నీ ఒకటి కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త. దవడ కింద వాపు కనిపించగానే జోనీస్ అని ముద్ర వేయడం కూడా తప్పే.

గొంతువాపు వ్యాధి వస్తే వాపు వేడిగా, గట్టిగా, ముట్టుకుంటే ఒప్పుకోనంత నొప్పిగా ఉంటుంది. 105, 106 డిగ్రీల జ్వరం, నోట చొంగ, గురక. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. గంటల మీద వైద్యం జరగాలి. తొలకరికి ముందే టీకా వేయించేది దీనికోసమే. చల్లటి వాపు అలా కాదు, వారాలు నెలలు ఉంటుంది. రెండింటికీ తేడా చెప్పడానికి డాక్టర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. అరచేయి, థర్మామీటర్ చాలు.

చల్లటి వాపుల్లో మళ్లీ రకాలు. చెరువు గట్టున, నత్తలుండే తడి నేలల్లో మేసే పశువులకు కాలేయపు జలగలు పడతాయి. ఆల్బుమిన్‌ను తయారు చేసే కాలేయాన్నే అవి తినేస్తాయి. గొర్రెల కడుపులో నెత్తురు తాగే పాములుంటాయి. అవి ఎక్కువైతే ప్రొటీన్ నెత్తురుతో పాటే పోతుంది, కనురెప్ప లోపలి భాగం తెల్లగా పాలిపోతుంది. ఇనుప తీగో మేకో మింగిన ఆవుకు అది గుండెను గుచ్చితే బోరకు, దవడకు నీరు దిగుతుంది. చివరికి నెలల తరబడి ఎండు కట్టె తప్ప వేరే మేత ఎరగని కరవు ఆవుకు కూడా ఆల్బుమిన్ తగ్గుతుంది. రక్తంలో ప్రొటీన్ అంకె 'ఎక్కడో కారుతోంది, లేదా తయారవడం లేదు' అని చెబుతుంది. ఎవరు చేశారో చెప్పదు.

ఆ పని పేడ చేస్తుంది. పేడ పరీక్షలో జలగ గుడ్లు, పాముల గుడ్లు కనిపిస్తే మందు ఉంది. వారాల్లోనే ఆవు తేరుకుంటుంది. అవేవీ లేకపోతే పేడను గాజుపలక మీద పూసి, క్షయ క్రిములకు వేసే రంగే వేసి చూస్తారు. గుంపులు గుంపులుగా ఎర్రటి కడ్డీలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కనిపించకపోయినంత మాత్రాన లేదని కాదు, క్రిములు రోజూ ఒకే లెక్కన పడవు. రక్తంలో యాంటీబాడీలు చూసే ఎలైసా, క్రిమి జన్యువును పట్టుకునే పీసీఆర్ ఉన్నాయి. చర్మం కిందికి 'జోనిన్' ఎక్కించి చూసే పాత పద్ధతీ ఉంది. ఆ జోనిన్‌ను ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ తయారు చేస్తుంది. పల్లెలో రైతు చేయగలిగింది మాత్రం తేలికే. అరచేతిలో పట్టేంత తాజా పేడను శుభ్రమైన డబ్బాలో వేసి, ఆసుపత్రిలో ఇచ్చి, 'చల్లటి వాపు, జ్వరం లేదు, మేస్తోంది, ఇన్ని నెలలుగా పారుతోంది' అని నాలుగు ముక్కలు చెప్పడం. ఆ నాలుగు ముక్కలు సగం నిర్ధారణ. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరు ఉంది. రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు 2022లో మొదలయ్యాయి.

జోనీస్ అని తేలితే? నిజం చెప్పాలి... నయం చేసే మందు లేదు. క్షయ మందుల్లాంటివి నెలల తరబడి వాడితే పారుడు తగ్గొచ్చు గానీ క్రిమి పోదు, ఆ ఖర్చుకు ఇంకో ఆవు వస్తుంది. నాలుగు రోజులు పారుడు కట్టిందని సంబరపడి మందు అమ్మినవాడిని మెచ్చుకునేవాళ్లుంటారు. ఈ రోగంలో పారుడు దానంతటదే కట్టి మళ్లీ మొదలవుతుందన్నది గుర్తుంచుకుంటే ఆ మెప్పు ఎంతవరకు సబబో తెలుస్తుంది.

తువ్వాలు కింద బేరం

ఇప్పుడు సంతకు వద్దాం. దళారీ, రైతూ తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పళ్లు చూస్తారు, సుళ్లు చూస్తారు, పొదుగు పట్టి చూస్తారు. నడిపించి చూస్తారు. దవడల మధ్య చెయ్యి పెట్టి చూసేవారు తక్కువ. తోక ఎత్తి, కాళ్ల వెనక ఎండిన పేడ చారలున్నాయా అని చూసేవారు ఇంకా తక్కువ. పారుడు కట్టిన నాలుగు రోజుల్లో సంతకు వచ్చిన ఆవు మామూలు బక్క ఆవులాగే ఉంటుంది. 'మంచి మేత పెడితే ఒళ్లు చేస్తుంది' అన్న ఒక్క మాటతో చెయ్యి మారుతుంది. కొన్న ఇంట్లో అప్పు మిగులుతుంది. ఆవుతో పాటు క్రిమి కూడా వచ్చి కొట్టంలో, గాడిలో, దిబ్బలో దిగుతుంది. నీడపట్టున తడిగా ఉండే మట్టిలో అది ఏడాది దాకా బతకగలదు. ఆ ఏడాదిలో ఆ కొట్టంలో పుట్టే దూడ మాటేమిటి?

ఇది మన ఊళ్ల కథే కాదు. ఐస్‌లాండ్ 1933లో జర్మనీ నుంచి 20 కారకుల్ జాతి గొర్రెలను కొనుక్కుంది. చూడటానికి ఆరోగ్యంగా ఉన్నాయి. దేశంలో పలుచోట్లకు పంచారు. వాటితో పాటు వచ్చిన రోగాల్లో జోనీస్ ఒకటి. కొన్నేళ్లకు అది గొర్రెలకూ, పశువులకూ పాకి రైతులను కుదేలు చేసింది. మందలకు మందలే తీసేయాల్సి వచ్చింది, టీకా తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఇరవై గొర్రెలతో మొదలైన కథ! ఇక అమెరికాలో ప్రభుత్వం 2007లో జరిపిన సర్వేలో 68 శాతం పాడి క్షేత్రాల్లో ఈ క్రిమి ఉన్నట్టు తేలింది. డబ్బు, ల్యాబులు, చట్టాలు అన్నీ ఉన్నచోటే ఆ పరిస్థితి.

పాశ్చాత్య దేశాల్లో చెప్పే దారి ఒకటే... పరీక్షించు, ఉందని తేలితే మందలోంచి తీసెయ్. తీసెయ్యడమంటే కబేళాకు పంపడం. మన రాష్ట్రంలో గోవధను 1977 చట్టం నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, ఇంట్లో పేరు పెట్టి పిలుచుకున్న ఆవును అలా పంపడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. మరి రోగం తేలిన ఆవును ఏం చేయాలి? ఉంచుకుంటే మేత ఖర్చు, అమ్మితే ఇంకో ఇంటికి రోగం. 'అమ్మొద్దు' అని బోధించడం తేలిక. ఆ రైతుకు ఆవు ధరలో కొంతయినా ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న. పరిహారం చెప్పకుండా నిజం చెప్పమంటే ఏ రైతు అయినా పేడ డబ్బాలో వేసి ఆసుపత్రికి తెస్తాడా? రోగం దాచడంలో రైతు తప్పు ఉంది సరే, దాచక తప్పని స్థితిలో పెట్టినవారికీ ఆ తప్పులో వాటా ఉంది.

పెద్ద క్షేత్రాల్లో ఒక లెక్క చెబుతారు. పైకి రోగం కనిపించే పశువు ఒకటి ఉంటే, లోపల క్రిమి చేరినవి 15 నుంచి 25 దాకా ఉండొచ్చని. మన దగ్గర ఇంటికి రెండు మూడు ఆవులే కదా, ఆ లెక్క మనకెందుకు అనిపించొచ్చు. కానీ పొద్దున్నే అన్ని ఇళ్ల పశువులూ ఒకే బీడుకు పోతాయి, ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి. ఇక్కడ మంద అంటే ఇల్లు కాదు, ఊరు. కాబట్టి ఆవును ఉంచుకున్న రైతు దాన్ని ఊరి మందతో తోలకుండా విడిగా కట్టేసి మేపాలి. దాని పేడను పచ్చిగా పశుగ్రాసం మడికి చల్లకూడదు, దిబ్బలో బాగా మాగనిచ్చి తిండి పంటల చేలకు వాడుకోవాలి. గాడినీ నీళ్ల తొట్టినీ పేడ పడనంత ఎత్తులో పెట్టుకోవాలి. టీకా మీద మన దేశంలోనూ పని జరిగింది. మధుర దగ్గర మఖ్దూంలోని కేంద్ర మేకల పరిశోధన సంస్థ దేశీ క్రిమి రకంతోనే టీకా రూపొందించింది.

మరి ఆ పాలు మనం తాగొచ్చా? మనుషుల్లో వచ్చే క్రోన్స్ అనే పేగు జబ్బుకూ ఈ క్రిమికీ సంబంధం ఉందేమోనని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు, ఇదే కారణమని రుజువు కాలేదు. పాలను పొంగించి బాగా కాచి తాగే మన ఇళ్ల అలవాటు ఇక్కడ మంచి రక్ష. పచ్చిపాలు తాగే అలవాటుంటే మాత్రం మానుకోవాలి, ఈ ఒక్క జబ్బు కోసమే కాదు.

జున్ను ఎవరికి?

కొట్టంలో అందరికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది ముసలి ఆవును కాదు, నిన్న పుట్టిన దూడను. మనిషి బిడ్డకు తల్లి గర్భంలోనే యాంటీబాడీలు అందుతాయి. దూడకు ఆ అదృష్టం లేదు. రక్షణ గ్లోబ్యులిన్లు దాదాపు ఏమీ లేని నెత్తురుతో నేల మీద పడుతుంది. అవన్నీ ముర్రుపాలలో ఉంటాయి. వాటిని చెక్కుచెదరకుండా నెత్తురులోకి పంపే దారి దూడ పేగులో మొదటి ఒక్కరోజే తెరిచి ఉంటుంది, అందులోనూ తొలి కొన్ని గంటల్లోనే బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత తాగిన ముర్రుపాలు ఆహారమే తప్ప కవచం కాదు. 25 కిలోల దూడకు తొలిరోజు రెండున్నర లీటర్ల దాకా అందాలి. మనమేమో 'మాయ పడేదాకా తాగించకూడదు' అని ఆపుతాం. ఈలోగా ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచుతాం. జున్ను మీద నాకేమీ కోపం లేదు, ఇష్టమే. దూడ కడుపు నిండాక మిగిలిందే జున్ను కావాలి. వారం తిరగకుండానే తెల్లగా పారి దూడలు చచ్చిపోయే ఇళ్లలో, చాలాసార్లు కోలై రకం క్రిములకు దారి ఇచ్చింది ఈ ఆలస్యమే.

ఇక్కడ కూడా రక్తంలోని మాంసకృత్తులే సాక్షి. రెండు రోజుల దూడ నెత్తురు కొద్దిగా తీసి, పేరుకున్నాక పైకి తేలే ద్రవంలో ఒక చుక్కను జేబులో పట్టే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి, వెలుతురుకు పెట్టి చూస్తే ప్రొటీన్ ఎంతుందో అంకె కనిపిస్తుంది. 100 మిల్లీలీటర్లకు అయిదున్నర గ్రాములకు తగ్గకుండా ఉంటే ముర్రుపాలు బాగా అందినట్టు. అయిదుకు దిగితే అందనట్టే. పెద్ద ఖర్చు లేని పని ఇది.

జోనీస్ ఉన్న కొట్టంలో మాత్రం ఒక మెలిక ఉంది. రోగం ఉన్న తల్లి ముర్రుపాలలోనూ, ఆ పొదుగుకు అంటిన పేడలోనూ క్రిమి ఉంటుంది. కవచమూ రోగమూ ఒకే ధారలో వస్తాయి. అలాంటప్పుడు దూడను పుట్టిన వెంటనే తల్లి దగ్గర్నుంచి వేరు చేసి, శుభ్రమైన పొడి నేల మీద కట్టి, అదే ఊళ్లో ఆరోగ్యంగా ఈనిన వేరే ఆవు ముర్రుపాలు పట్టాలి. అనుమానం ఉన్న నాలుగైదు ఆవుల పాలు కలిపి పట్టకూడదు, ఒకదాని క్రిమి అన్ని దూడలకూ పోతుంది. ఈనే రోజు ముందే తెలుసు కాబట్టి పక్కింటి ఆవు ఎప్పుడు ఈనిందో కనుక్కుని, దాని తొలిపాలు రెండు లీటర్లు ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి ఉంచుకోవచ్చు. దాన్ని పొయ్యి మీద కాచకూడదు, కాస్తే జున్నయిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నె పెట్టి మెల్లగా కరిగించి, సీసాతో తాగించాలి.